సన్మానాలు సరే, పని గురించి కూడా అడగండి

నల్లగొండ ప్రాంత రంగస్థల కళాకారులతో మీరు జరిపిన ముఖాముఖిని రెండుసార్లు చదివాను. సన్మానాల గురించి, పింఛను ఇబ్బందుల గురించి వివరంగా అడిగారు గాని, వారి నటన గురించి ఒక్క ప్రశ్నతో సరిపెట్టడం వెలితిగా తోచింది. దేవరకొండ దగ్గరి మా ఊళ్లో హరిశ్చంద్రుడి వేషం కట్టిన మా పెదనాన్న, కాటిసీనులో పద్యం చివర రాగం తీస్తూ భుజం మీది కర్రను కొద్దిగా పైకెత్తేవారు. ఊపిరి అయిపోతున్నది, ఇక అందుకొమ్మని హార్మోనిస్టుకు అది సైగ అని, ప్రేక్షకులకు మాత్రం కాటికాపరి అలసటగా కనిపించేదని ఆయనే చెప్పేదాకా మాకెవరికీ తెలియదు. వేదికపై మైకులు వేలాడదీశాక, వాటి కిందికి వచ్చి నిలబడి పాడవలసి రావడంతో పాత్ర నడకే పోయిందని కూడా అనేవారు (ఆ మాట అన్నప్పుడల్లా ఆయనకు కోపం వచ్చేది). పాలమూరు వైపు 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో, బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు నేను చదివిన వార్తల్లోనూ పేదరికమే తప్ప ఆ వాద్యాల తయారీ ప్రస్తావన దాదాపు లేదు. తర్వాతి భాగంలో హార్మోనిస్టులను, ముఖానికి రంగు వేసేవారిని కూడా కూర్చోబెట్టి మాట్లాడించండి.