బద్ధకానికి ఇంగ్లీషు పేరు పెట్టారట

ఈ వారంలో ఈ వాట్సాప్ మెసేజ్ రావడం ఇది నాలుగోసారి. మొదట పదో తరగతి బ్యాచ్ గ్రూపులో వచ్చింది, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో రెండుసార్లు. నిన్న మా బాబాయి విడిగా నాకే పంపారు, చివర రెండు దణ్ణాల బొమ్మలతో. "ఎగ్జిక్యూటివ్ డిస్‌ఫంక్షన్ అనేది జబ్బు కాదు, బద్ధకానికి డాక్టర్లు పెట్టిన ఇంగ్లీషు పేరు. ఆడలేక మద్దెల ఓడు!" అని మొదలవుతుంది. ఆ తర్వాత ఎనిమిది పాయింట్లు. ఆఖర్న "పదిమందికి పంపండి".

నాకు 36వ ఏట ఏడీహెచ్‌డీ అని తేలింది. ధ్యాస నిలవని, పనులు వేళకు నడవని మెదడు సమస్య అది. చేయాలని ఉన్నా పని మొదలుపెట్టలేకపోవడం, మొదలుపెడితే ఆపలేకపోవడం లాంటివాటినే ఎగ్జిక్యూటివ్ డిస్‌ఫంక్షన్ అంటారు. బాబాయికి ఆ సంగతి తెలుసు. అందుకే పంపారు. కాబట్టి ఈ జవాబు ఆయనకే, మిగతావాళ్లు పక్కనుంచి వినొచ్చు.

"మన తాతల కాలంలో ఇలాంటివి లేవు." తాతయ్య సంగతే చూద్దాం బాబాయ్. కళ్లజోడు ఎక్కడ పెట్టారో ఆయనకు తెలియదు. శిస్తు గడువు ఎప్పుడో తెలియదు. సంతకు సంచీ పట్టుకెళ్లి, ఉత్త చేతులతో తిరిగొచ్చేవారు. నాయనమ్మ నీళ్లు తోడి, తువ్వాలు చేతికిచ్చి, "ఇంక లేవండి" అనకపోతే అరుగు మీంచి కదిలేవారు కాదు. ఆయనకు ఫలానా జబ్బు ఉందని నేననను, మనిషిని చూడకుండా తేల్చేయడానికి నేనేమీ వాట్సాప్‌ని కాదు. కానీ ఆయనకు ఏమున్నా దాన్ని మోసింది నాయనమ్మ. అదే ఆవిడకు ఉండుంటే? "ఇల్లు దిద్దుకోవడం రాని మనిషి" అని ఊరంతా పేరొచ్చేది. తాతల కాలంలో లేనిది పేరు మాత్రమే, అదీ మగవాళ్లకు.

"అంతా ఫోన్ల వల్లే." కుక్క మొరిగితే చాలు ధ్యాస చెదిరిపోయే మనుషుల గురించి అలెగ్జాండర్ క్రైటన్ అనే స్కాట్లండ్ వైద్యుడు 1798లో రాశాడు. 1902లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు ఇలాంటి పిల్లల మీద లండన్‌లో ఉపన్యాసాలే ఇచ్చాడు. వాళ్లంతా ఏ మోడల్ ఫోన్ వాడేవారో మరి. ఫోన్ దీన్ని ఇంకా చెడగొడుతుందా అంటే, చెడగొడుతుంది. అది నాకంటే బాగా ఎవరికీ తెలియదు. రీల్స్ చూసి ప్రతివాళ్లూ "నాకూ ఉంది" అనేస్తున్నారన్న మాటలోనూ కొంత నిజముంది. తాళంచెవి ఒక్కరోజు మర్చిపోతే జబ్బు కాదు.

"నానబెట్టిన బాదంపప్పు, బ్రాహ్మీ ముహూర్తం." బాదం తినండి, బాగుంటాయి.

"సర్టిఫికెట్లు తెచ్చుకుని రాయితీలు కొట్టేస్తున్నారు." 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 వైకల్యాలున్నాయి. అందులో ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. ఏం కొట్టేశామో చూపిస్తే నేనూ వచ్చి తీసుకుంటాను.

"మందులు వేసుకుంటే డ్రగ్స్‌లా అలవాటైపోతాయి." ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు దుర్వినియోగం కాకూడదనే మన దేశంలో దాన్ని షెడ్యూల్ ఎక్స్‌లో, అంటే గట్టి కట్టుబాట్లున్న మందుల జాబితాలో పెట్టారు. చీటీ రెండు ప్రతులుండాలి, ఒకటి మందుల షాపువాళ్లు రెండేళ్లు దాచాలి. పనులు వేళకు చేసుకోలేని వాళ్లకిచ్చే మందు కోసం అపాయింట్‌మెంటు, రెండు కాపీలు, స్టాకున్న షాపు వెతుకులాట! ఎవరు పెట్టారో గానీ హాస్యప్రియులు. ఇక అలవాటంటారా, వారంలో రెండు రోజులు వేసుకోవడమే మర్చిపోతాను. డ్రగ్ సంగతి గుర్తులేని అడిక్ట్‌ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

"గేమ్ అయితే నాలుగు గంటలు ఆడతాడు కదా!" అవును. ఆ నాలుగు గంటలూ మంచినీళ్లకు లేవడు, బాత్రూంకి లేవడు, అమ్మ పిలిస్తే వినపడదు. దాన్ని మీరు ఏకాగ్రత అంటున్నారు. వాణ్ణి అడగండి, ఆపుదామనుకుని ఎన్నిసార్లు ఆపలేకపోయాడో. మొదలుపెట్టడం ఎలా చేతిలో లేదో, ఆపడమూ అలాగే లేదు.

ఇప్పుడు అసలు పాయింటు. మెసేజ్‌లో ఇది ఎర్ర అక్షరాల్లో ఉంది. "భయం లేకే ఇదంతా. నలుగురిలో సిగ్గు తీయండి, రెండు తగిలించండి. ఆడపిల్లయితే పెళ్లి చేయండి, బాధ్యత అదే వస్తుంది."

బద్ధకస్తుడు హాయిగా ఉంటాడు బాబాయ్. ఆదివారం పదింటిదాకా పడుకుని, లేచాక ఇంకాసేపు దొర్లుతాడు. నేను తువ్వాలు భుజాన వేసుకుని మంచం అంచున గంటన్నర కూర్చున్నాను. గీజర్ లైటు ఎర్రగా వెలిగి ఆరిపోయింది. ఆఫీసుకు టైమైపోతోందని తెలుసు. లే, లే, లే అని లోపల ఒకటే మోత. కాలు కదలలేదు. అందులో సుఖం ఎక్కడుందో చెప్పండి.

నా సిగ్గు తీసినవాళ్లు తక్కువేం కాదు. ఫలితం ఇదీ. ఒక ఇన్సూరెన్స్ ప్రీమియం కట్టాలి, బ్యాంకులో డబ్బుంది, ఐదు నిమిషాల పని. మొదటి నెల మర్చిపోయాను. రెండో నెల గుర్తొచ్చింది, కానీ గుర్తొచ్చినప్పుడల్లా "నీకు ఇదీ చేతకాదా" అన్న గొంతు కూడా వచ్చేది. ఆ గొంతు వినలేక కవరు బట్టల కింద పెట్టేశాను. పాలసీ పోయింది. అది పోగొట్టింది మరుపు కాదు, సిగ్గు.

భయంతో పని జరుగుతుందా అంటే, జరుగుతుంది. ఒప్పుకుంటున్నాను. డిగ్రీ అంతా పరీక్ష ముందు రాత్రి భయంతోనే పాసయ్యాను. కానీ రోజుకింత భయం కావాలి, డోసు పెరుగుతూ పోవాలి. అలవాటు పడే డ్రగ్ అంటే అదీ. ఇక పెళ్లి! ఒక మనిషి పనులే నడపలేని పిల్లకు ఇంకో ఐదుగురి పనులు అప్పజెప్పి, తప్పు జరిగితే పుట్టింటివాళ్లను అనడం. బాగుంది మందు.

పెద్ద మావయ్యకు స్ట్రోక్ వచ్చాక గుర్తుందా? చొక్కా చేతిలో పట్టుకుని, తర్వాత ఏం చేయాలో తోచక నిలబడేవారు. అందరం పాపం అన్నాం. చొక్కా పక్కన, బనియన్ పక్కన వరుసగా పెట్టిచ్చాం. ఐదింటికి లేచి బాదం తినమని ఎవ్వరూ అనలేదు. ఆయనకు స్కానింగ్‌లో మచ్చ కనిపించింది, నాకు కనిపించలేదు. అంతే తేడా.

ఆఖరి పాయింటు, "ఉమ్మడి కుటుంబాల్లో ఈ సమస్యే లేదు." దీన్నీ చీల్చి చెండాడదామనే కూర్చున్నాను, చేయి రాలేదు. నా చిన్నప్పుడు లెక్కల హోంవర్కు ఒక్కచోటే అయ్యేది. వంటింటి గుమ్మంలో, నాయనమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే. ఆవిడకు లెక్కలు రావు, నావైపు చూసేదీ కాదు. పక్కన ఉండేది, అంతే. ఇప్పుడు డాక్టరు కూడా నాకు అదే రాసిచ్చారు. పని మొదలుపెట్టేటప్పుడు ఎవరైనా పక్కన కూర్చోవాలి, "ఎందుకు చేయలేదు" అనకుండా "ముందు కవరు చించు" అనాలి. ఈ ఒక్క పాయింటులో మాత్రం రాసినవాడు తనకు తెలియకుండానే నిజం రాశాడు.

బాబాయ్, ఈ జవాబు నిన్న మధ్యాహ్నం మొదలుపెట్టాలనుకుని రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టాను. డాలస్ నుంచి అక్క వీడియో కాల్‌లో ఉంది. మాట్లాడలేదు, తన బట్టలు తను మడతపెట్టుకుంది.