ట్యాంకులో ఆగ్నేయ మూల

హైదరాబాద్‌లో రాత్రిపూట చలి మొదలైందంటే ఇళ్లల్లో ఒక ధర్మసందేహం తలెత్తుతుంది: ఈశాన్యంలో ఉన్న అక్వేరియంలో హీటర్ పెట్టవచ్చా? ఈశాన్యం జలస్థానం. నిప్పు ఉండాల్సింది ఆగ్నేయంలో. జలంలోకి నిప్పు దించితే ఇంటాయన ప్రమోషన్ ఏం కాను?

మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన సిద్ధాంతిగారినే పిలిపించారు. ఆయన ఫోన్‌లో దిక్సూచి తెరిచి ట్యాంకు చుట్టూ ప్రదక్షిణ చేసి, ఇంటికున్నట్టే ట్యాంకుకూ ఎనిమిది దిక్కులుంటాయని తేల్చారు. ఫిల్టర్ ఈశాన్యానికి, హీటర్ ఆగ్నేయ మూలకు. ఎయిర్ పంప్ గొట్టం వాయవ్యానికి, వాయువు కదా మరి. "నైరుతిలో బరువుండాలి కదండీ" అని ఇంటావిడ గుర్తుచేస్తే గులకరాళ్లన్నీ అటు తోశారు. బ్రహ్మస్థానం ఖాళీగా ఉండాలని నడిమధ్య మొక్కను పీకేశారు. చేప తల ఎటు పెట్టుకుని పడుకోవాలో మాత్రం చెప్పలేదు. ఫీజు అంతవరకే అయ్యుంటుంది.

ఆ చేప ఫ్లవర్‌హార్న్. 1990లలో మలేషియాలో సిక్లిడ్ అనే చేపల్లో వేర్వేరు జాతులను కలిపి మనుషులు పుట్టించిన సంకరజాతి. మన ప్రాచీన వాస్తులోకి ఏ గుమ్మంలోంచి వచ్చిందో గానీ, తల మీద బుడిపె ఎంత పెద్దదైతే ఇంటికి అంత లక్ష్మి అట.

హీటర్‌కి దిక్కులు తెలియవు. దాని థర్మోస్టాట్‌కి తెలిసింది తన చుట్టూ ఉన్న నీళ్లే. నీళ్లు కదలని మూలలో పెడితే, ఏసీ గదిలో కూర్చుని జిల్లాలో ఎండల్లేవని రిపోర్టు రాసే అధికారిలా, తన చుట్టూ కాస్త వేడెక్కగానే పని అయిపోయిందని ఆగిపోతుంది. అవతలి మూల చేప వణుకుతూ ఉంటుంది. ఫిల్టర్‌లోంచి నీళ్లు బయటికొచ్చే దారిలో పెడితే ఆ వేడి ట్యాంకంతా తిరుగుతుంది. కానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట డబ్బాలా ఉండేది) ఉన్నవాళ్లు, శుభ్రమైన నీళ్లు ట్యాంకుకి తిరిగొచ్చే పైపుకి ఇన్‌లైన్ హీటర్ బిగించుకుంటారు. లీటరుకి ఒక వాట్ చాలు. వీళ్లకి 100 లీటర్ల ట్యాంకుకి 300 వాట్లది అంటగట్టారు, "ఫ్యూచర్‌లో పనికొస్తుంది సార్" అని.

చేప ముడుచుకుపోయింది. హీటర్ నాబ్ తిప్పారు. ఇంకా తిప్పారు. ఆదివారం ప్లగ్ తీయకుండానే నీళ్లు తోడారు. గాలికి తేలిన హీటర్ గాజు గొట్టం కాలిపోతోంది, దాని మీద బకెట్ చన్నీళ్లు గుమ్మరించారు. గొట్టం పగిలింది, నీళ్లలోకి కరెంటు దిగింది, చేప వెల్లకిలా తేలింది.

సాయంత్రానికి తీర్పు వచ్చింది: "మన ఇంటి గండం అది తీసుకుంది."

ఏ గండమండీ? ఆ గండాన్ని కొని తెచ్చి ప్లగ్గులో పెట్టింది మీరు! అద్దానికి ముక్కు ఆనించి నిలబడే మీ చిన్నపిల్ల ఆ పూట నీళ్లలో చెయ్యి పెట్టి ఉంటే ఎవరు తీసుకునేవారు? ఎర్తింగ్ లేదు, కరెంటు లీకైతే కట్ చేసే ఆర్‌సీసీబీ లేదు, థర్మామీటర్ లేదు. నోరులేని జీవిని చంపి, దానికి త్యాగమని పేరు పెట్టి, దండం పెడతారా? నీళ్లు తోడేముందు ప్లగ్ పీకి, గొట్టం చల్లారేదాకా పావుగంట ఆగాలి. దానికి ముహూర్తం అక్కర్లేదు.

కొత్త చేప వచ్చేసింది. బుడిపె ఈసారి ఇంకా పెద్దది. థర్మామీటర్ కొన్నారా అని అడిగాను. కొన్నారట, ఏ మూల అతికించాలో అడగడానికి సిద్ధాంతిగారి ఫోన్ కలవడం లేదట.