క్లయింట్ యాక్సెస్ లైసెన్సు గారికి, సెషను తెగేలోపు రాసిన లేఖ

మైక్రోసాఫ్ట్ వారి విండోస్ సర్వర్‌ను వాడుకోవడానికి మనిషికో యంత్రానికో కొనవలసిన అనుమతిపత్రమైన మహారాజశ్రీ క్లయింట్ యాక్సెస్ లైసెన్సు గారి దివ్యసముఖమునకు, విజయవాడలో ఒక చిన్న ట్యాక్సు కన్సల్టెన్సీ నడుపుకునే వాడు నమస్కరించి చేసుకొను విన్నపము. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆచారమే గాని, ఇక్కడ కుశలం లేదు కనుక ఆ మాటలో మీ సగం మాత్రమే రాస్తున్నాను.

నిన్న 20వ తేదీ, జీఎస్టీఆర్-3బీ అనే నెలవారీ జీఎస్టీ రిటర్నుకు ఆఖరు రోజు. మా సిబ్బంది ఏడుగురూ రిమోట్ డెస్క్‌టాప్ మీద, అంటే తమ కంప్యూటర్ల నుంచే, సర్వర్‌లోకి వెళ్లి ట్యాలీ తెరుచుకోగానే, లైసెన్సులో సమస్య ఉన్నదనీ, 60 నిమిషాల్లో సెషను మూసివేస్తామనీ తమరి శ్రీముఖం ప్రతి తెర మీదా వెలిసింది. ఆడిన మాట తప్పని వారు కనుక, గంట నిండగానే ఒక్కొక్కరినీ బయటికి సాగనంపారు. మా అమ్మాయి ఒకతె 38 ఐటెములున్న కొనుగోలు బిల్లులో 36వ వరుస కొడుతూ ఉండగా తెర మాయమైంది. ఆమె మళ్లీ మొదటి వరుస నుంచి కొట్టింది. రిటర్నులు రాత్రి పదకొండున్నరకు పూర్తయ్యాయి.

ఇందులో నాకు మింగుడుపడని సంగతి ఒకటే. సర్వర్ పెట్టిన తొలి 120 రోజులూ గ్రేస్ పీరియడ్, అంటే లైసెన్సు లేకున్నా నడవనిచ్చే గడువు, కనుక మా దగ్గర రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సు ఒక్కటీ లేదు, అయినా ఏ ఆటంకమూ రాలేదు. గడువు ముగుస్తున్నదని బుద్ధిగా డబ్బు కట్టి, మిమ్మల్ని ఏడుగురికీ కొని, యాక్టివేట్ చేసి పెట్టిన నాటి నుంచే ఈ గంటల లెక్క మొదలైంది. అద్దె ఇవ్వనంత కాలం ఇంట్లో ఉండనిచ్చి, అద్దె చేతిలో పెట్టగానే సామాను వీధిలో పడేసే యజమానిని నేను ఇంతవరకు చూడలేదు.

కారణం ఆరా తీస్తే తేలినదేమిటంటే, మీలో యూజర్ రకం, డివైస్ రకం అని రెండు శాఖలున్నాయనీ, యూజర్ శాఖ వారికి మనుషుల పేర్లు రాసుకోవడానికి యాక్టివ్ డైరెక్టరీ డొమైన్, అంటే ఆఫీసులోని ఖాతాలన్నీ ఒకేచోట ఉంచే పద్దు, కావాలనీ, అలాంటి పద్దు లేని మాలాంటి వర్క్‌గ్రూప్ సర్వర్ మీద వారిని కూర్చోబెడితే విండోస్ సర్వర్ 2019 వెర్షను మొదలుకొని గంటకొకసారి గెంటివేత తప్పదనీ. డివైస్ శాఖ వారైతే వర్క్‌గ్రూప్‌లోనూ సర్దుకుపోతారట. అమ్మిన ఆయన ఫోనులో "యూజరా సార్, డివైసా?" అని అడిగినప్పుడు, పని చేసేది మనుషులే కదా అనుకుని యూజర్ అన్నాను. డొమైన్ ఉన్నదా అని ఆయన అడగలేదు, అడగాలని నాకు తెలియదు.

ఇక్కడితో ఆగినా గౌరవంగానే ముగించేవాణ్ణి. కానీ డొమైన్ ఉన్న చోట ఇదే యూజర్ లైసెన్సులు ఏడు కొని పది మంది లోపలికి వస్తే, ఆ అదనపు ముగ్గురిని నువ్వు ఆపవట, రిపోర్టులో మాత్రం రాసుకుంటావట. అక్కడ లెక్క మించినా నోరెత్తని దానివి, రసీదు చేతిలో పట్టుకుని నిలబడిన నా ఏడుగురిని గెంటుతావా? ఇంకేం మర్యాద నీకు?

చిన్న చిన్న ఫిర్యాదులూ ఉన్నాయి గాని, వాటికి ఓపిక లేదు. సర్వర్‌ను తాకడానికి ఒక లైసెన్సు, అందులో రిమోట్‌గా కూర్చోవడానికి ఇంకొకటి అంటే, శుభలేఖ ఇచ్చి పిలిచి పంక్తి దగ్గర మళ్లీ టోకెను అడిగినట్టుంది. పోనీ, తాకడానికి కొన్న ఆ మొదటి లైసెన్సు ఉన్నదా లేదా అని సర్వర్ ఒక్కసారైనా చూడదు. ఆ బిల్లు నా బీరువాలో పడి ఉంది. ప్రాసెసరులో ఎనిమిది కోర్లే (లెక్కలు చేసే భాగాలే) ఉన్న యంత్రానికి పదహారు కోర్ల లైసెన్సు కట్టించుకోవడం వేరే కథ. అన్నీ డివైస్ లెక్కలో కొందామంటే, సర్వర్ నుంచి ఐపీ అడ్రసు తీసుకునే ప్రింటరు కూడా వరుసలో నిలబడుతుంది. రేపు సర్వర్‌ను కొత్త వెర్షనుకు మారిస్తే నువ్వు పాతబడతావు, నీ చెల్లెలిని కొనాలి.

ఆదివారం డొమైన్ పెట్టించుకుంటున్నాను. ఏడుగురికీ ఒక్కొక్కరుగా అందులో ఖాతాలు తెరవాలి, దానికి మనిషి ఖర్చు వేరు. ఇంకో నాలుగు మాటలు రాద్దామనుకున్నాను గాని, ఈ లేఖను కూడా ఆ సర్వర్‌లోనే రాస్తున్నాను. యాభై ఆరో నిమిషం నడుస్తోంది. సేవ్ చేసుకోవాలి.

ఇట్లు,
ఏడు లైసెన్సుల సొంతదారు