పేరు మీదే, సంతకం పెట్టే ముందు చదవండి

ఎడ్ ఒబానన్ కాలేజీ బాస్కెట్‌బాల్ ఆడి ఎన్నో ఏళ్లయింది. ఓ రోజు స్నేహితుడి ఇంట్లో వీడియో గేమ్‌లో తనే కనిపించాడు. పేరు లేదు గానీ అదే 31 నంబరు, అదే ఎడమచేతి వాటం. గేమ్ అమ్ముడుపోతోంది, ఆయనకు పైసా రాలేదు. 2009లో కోర్టుకెక్కాడు. అమెరికా కాలేజీ క్రీడల్లో ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు తీసుకోకూడదన్నది అప్పటి రూలు: 2014లో జార్జియా యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆటగాడు టాడ్ గర్లీ ఆటోగ్రాఫులకు డబ్బు తీసుకున్నాడని నాలుగు మ్యాచ్‌లు బయట కూర్చోబెట్టారు.

2021 జూలై 1 నుంచి ఆ అన్యాయం పోయింది. ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు, ఊళ్లో కార్ల షోరూమ్ యాడ్లు, వేసవిలో చిన్నపిల్లలకు కోచింగ్ క్యాంపులు, దేనిమీదైనా సంపాదించుకోవచ్చు. 2025 జూలై నుంచి కాలేజీలే నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడాది పరిమితి ఒక్కో కాలేజీకి సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఇది ఆ పిల్లల చెమటకు దక్కాల్సిన డబ్బే, ఇందులో మాకు రెండో మాట లేదు.

మా భయమల్లా ఒప్పంద పత్రాల గురించి. ఫ్లోరిడా యూనివర్సిటీలో ఆడుతూ 2022లో గర్వాన్ డెక్స్‌టర్ 4,36,485 డాలర్లకు ఓ కంపెనీ ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టాడు. బదులుగా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో తను సంపాదించేదాంట్లో 15 శాతం, అదీ పాతికేళ్ల పాటు, ఆ కంపెనీకి ఇచ్చుకోవాలి! మరుసటి ఏడాదే కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. ఇరవై ఏళ్ల కుర్రాడి ముందు అంత పెద్ద చెక్కు పెడితే పాతికేళ్ల లెక్క ఎవరు వేస్తారు? పైగా ఈ డబ్బులో ట్యాక్స్ సాధారణంగా ఎవరూ ముందే కోయరు, కట్టుకోవాల్సింది పిల్లలే.

మన పిల్లల సంగతి ఇంకా చిక్కు. నెల్లూరు మూలాలున్న నిశేష్ బసవరెడ్డి అమెరికాలోనే పుట్టి స్టాన్‌ఫర్డ్‌లో టెన్నిస్ ఆడాడు, అలాంటివాళ్లకు వీసా అడ్డు లేదు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఎఫ్-1 వీసా (చదువుకోడానికిచ్చే వీసా) మీద వెళ్లి అదే టెన్నిస్ కోర్టులో ఆడే అమ్మాయి ఒక్క యాడ్‌లో నటించినా అది అనుమతి లేని పని కిందకు రావచ్చు, చదువే ఆగిపోవచ్చు. కెనడా నుంచి వెళ్లిన జాక్ ఈడీ వరుసగా రెండేళ్లు అమెరికాలోకెల్లా ఉత్తమ కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాడైనా వీసా వల్ల తోటివాళ్లలా ఒప్పందాలు చేసుకోలేకపోయాడు. ఒకే జట్టులో ఇద్దరికి రెండు న్యాయాలేంటి? వీసా నిబంధనల్లో దీన్ని అమెరికా ప్రభుత్వం సరిచేయాలి. అప్పటిదాకా, అమ్మానాన్నలూ, ఏ బ్రాండ్ వాళ్లు ఫోన్ చేసినా ముందు యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసును, ఆ తర్వాత ఓ వీసా లాయర్‌ను అడిగాకే పిల్లల చేత సంతకం పెట్టించండి.