ధరలో దాగిన పన్ను, లెక్కకు రాని పౌరుడు

బడ్జెట్ చర్చలు ఏ దేశంలో జరిగినా ఒక వాదన తప్పకుండా వినబడుతుంది. దేశాన్ని మోస్తున్నది గుప్పెడు మంది పన్ను చెల్లింపుదారులేనని, మిగతావాళ్లంతా వాళ్ల సొమ్ము మీద బతుకుతున్నారని. ఆదాయ పన్ను రిటర్ను దాఖలు చేసేవాళ్లను మాత్రమే లెక్కపెట్టి ఈ మాట అంటారు. ఇది తప్పుడు లెక్క, పైగా అన్యాయమైన లెక్క. రిటర్ను ముఖం ఎన్నడూ చూడని కూలి మనిషి కూడా సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా, ఫోను రీచార్జి చేయించుకున్నా చాలా దేశాల్లో పన్ను కడుతూనే ఉంటాడు. అది ధరలో కలిసిపోయి ఉంటుంది కాబట్టి కట్టిన సంగతి అతనికే తెలియదు. ఆ పన్ను ఎంత అన్నదానికన్నా, అది కనబడకపోవడమే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. ఎందుకంటే పాలకులను నిలదీసే హక్కు చరిత్రలో చాలా చోట్ల పన్ను దగ్గరే మొదలైంది.

పన్నుకు రాజ్యమంత వయసుంది. ప్రాచీన ఈజిప్టులో నైలు వరద ఎంత ఎత్తుకు వచ్చిందో కొలవడానికి రాతి మెట్ల పక్కన గీతలు చెక్కి ఉంచేవారు. నీరు ఏ గీత దాకా వచ్చిందో చూస్తే ఆ ఏడు పంట ఎలా ఉంటుందో అంచనాకు వచ్చేది. రైతు నుంచి ఎంత ధాన్యం రాబట్టవచ్చో దాన్నిబట్టి తేల్చేవారు. మెసపొటేమియాలో దొరికిన తొలినాటి మట్టి పలకల్లో ఎక్కువ భాగం బార్లీ, గొర్రెల లెక్కలే. పాలకుడు జనాన్ని లెక్కగట్టడం ఇంత పాతది. పాలకుడి ఖర్చును జనం లెక్క అడగడానికి మాత్రం వేల ఏళ్లు పట్టింది.

ఆ అడగడం ఎలా మొదలైందో ఇంగ్లండులో దగ్గరగా చూడవచ్చు. దేశపు ఉమ్మడి సమ్మతి లేకుండా కొన్ని పన్నులు వేయకూడదని 1215లో రాజు ప్రభువులకు రాసిచ్చిన హక్కుల పత్రం మాగ్నా కార్టాలో ఉంది. తర్వాతి ప్రతుల్లోంచి ఆ షరతు తీసేశారు గానీ ఆలోచన బతికే ఉంది. 1630లలో మొదటి చార్లెస్ పార్లమెంటును పిలవకుండా పాలిస్తూ డబ్బుకు కటకటపడ్డాడు. యుద్ధ సమయంలో తీర పట్టణాల నుంచి వసూలు చేసే ఓడల పన్నును 1635లో దేశం లోపలి జిల్లాలకూ పాకించాడు. జాన్ హాంప్డెన్ అనే భూస్వామి తన వాటాకు వచ్చిన 20 షిల్లింగులు కట్టనని కోర్టుకెక్కాడు. అంత చిన్న మొత్తం అతనికి ఒక లెక్కా? ఆ పన్ను అడిగే అధికారం ఎవరిదో తేలాలన్నది అతని పట్టు. పన్నెండు మంది న్యాయమూర్తుల్లో ఏడుగురు రాజు వైపు, ఐదుగురు హాంప్డెన్ వైపు నిలిచారు. కేసు రాజే గెలిచాడు. కానీ ఐదుగురు న్యాయమూర్తులు కాదన్న పన్నును జనం మనస్ఫూర్తిగా కడతారా? వసూళ్లు పడిపోయాయి. 1640లో రాజు పార్లమెంటును పిలవక తప్పలేదు. ఆ మరుసటి ఏడే పార్లమెంటు ఓడల పన్నును చెల్లదని తేల్చేసింది. పార్లమెంటు అనుమతి లేని పన్ను చట్టవిరుద్ధమన్న సూత్రం 1689 హక్కుల బిల్లులో స్థిరపడింది.

బేరమాడే వీలు లేని చోట పన్ను ఎలా ఉంటుందో చెప్పడానికి బెంగాల్ చాలు. 1765లో ఈస్టిండియా కంపెనీ చేతికి దివానీ, అంటే శిస్తు వసూలు హక్కు వచ్చింది. అలా వసూలైన సొమ్ముతోనే అక్కడి సరుకు కొని విదేశాలకు ఎగుమతి చేసేది. 1770 కరువులో జనం లక్షల్లో చచ్చిపోయారు. రెండేళ్ల తర్వాత బెంగాల్ గవర్నర్ వారెన్ హేస్టింగ్స్ లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లకు రాసిన లేఖ చదివితే ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఇంత చావు జరిగాక కూడా 1771 నికర వసూళ్లు 1768 వసూళ్లను మించాయని అందులో ఉంది. కట్టేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య ఏ జవాబుదారీ లేకపోతే పన్ను ఎంత దూరం వెళ్లగలదో చూపే అధికారిక పత్రం అది.

దీనికి మరో కొస చమురు రాజ్యాలు. జనం నుంచి తీసుకోవాల్సిన అవసరమే లేనప్పుడు పాలకుడు జనాన్ని అడగాల్సిన పనీ ఉండదు. చమురు ధర పడిపోయాక అక్కడా పరిస్థితి మారింది. సౌదీ అరేబియా 2018లో 5 శాతం విలువ ఆధారిత పన్ను, అదే వ్యాట్, మొదలుపెట్టి 2020లో దాన్ని 15 శాతానికి పెంచింది.

ఈ వ్యాట్ సంగతి కాస్త వివరంగా చూడాలి. 1954లో ఫ్రాన్స్‌లో, మోరిస్ లోరే అనే పన్నుల అధికారి చొరవతో ఇది మొదలైంది. ఇప్పుడు 170కి పైగా దేశాల్లో ఉంది. అమ్మకం గొలుసులో ప్రతి వ్యాపారీ సరుకు కొన్నప్పుడు తాను కట్టిన పన్నును బిల్లు చూపించి వెనక్కి తీసుకుంటాడు. కాబట్టి ప్రతివాడికీ ముందువాడి బిల్లు కావాలి, ఎగవేత కష్టమవుతుంది. పన్నులు రాబట్టే పద్ధతిగా ఇంత తెలివైనది మరొకటి లేదు. ఆ గొలుసు చివర ఉన్న కొనుగోలుదారుడికి మాత్రం వెనక్కి తీసుకునే దారి లేదు. భారం మొత్తం అతని మీదే ఆగుతుంది. 1780లలో పారిస్ చుట్టూ పన్నుల కోసం గోడ కట్టినప్పుడు జనానికి ప్రతి ద్వారం దగ్గరా వసూలుదారు ముఖం కనబడేది. 1789 జులైలో బాస్టిల్ కోట జైలు మీద పడటానికన్నా ముందే ఆ ద్వారాలను తగలబెట్టారు. నేటి వసూలుదారుకు ముఖం లేదు.

భారం ఎవరిమీద ఎక్కువో చిన్న లెక్క చెబుతుంది. ఒకరు నెలకు నూరు సంపాదించి నూరూ ఖర్చుపెడతారు. ఇంకొకరు వెయ్యి సంపాదించి నాలుగు వందలు ఖర్చుపెట్టి మిగతాది దాస్తారు. ఖర్చులో పదో వంతు పన్నుగా పోతుందనుకుంటే మొదటివారు కట్టేది పది, రెండోవారు కట్టేది నలభై. ఆదాయంతో పోల్చితే మొదటివారికి 10 శాతం, రెండోవారికి 4 శాతం. అయినా ‘పన్ను చెల్లింపుదారు’ అన్న గౌరవం రెండోవారికే.

ఇలా ధరలో కలిసిపోయే పరోక్ష పన్నులు అసలే వద్దని నేననను. డెన్మార్క్, స్వీడన్‌లలో వ్యాట్ 25 శాతం. ఆ డబ్బు బడిగా, ఆసుపత్రిగా తిరిగి వస్తుందని అక్కడి జనానికి తెలుసు కాబట్టి భరిస్తున్నారు. పన్ను కంటికి కనబడితే రాజకీయం ఎలా మారుతుందో జపాన్ చూపింది. 1989 ఏప్రిల్‌లో అక్కడ 3 శాతం వినియోగ పన్ను వచ్చింది. రిక్రూట్ అనే కంపెనీ నాయకులకు షేర్లు ముట్టజెప్పిన కుంభకోణానికి ఆ పన్ను మీది కోపం తోడై, జులైలో ఎగువ సభ ఎన్నికల్లో అధికార పార్టీ మెజారిటీ పోగొట్టుకుంది. ఆ పన్ను 10 శాతానికి చేరడానికి 2019 దాకా, అంటే ముప్పై ఏళ్లు పట్టింది. చివరి పెంపును ప్రధాని షింజో అబే రెండుసార్లు వాయిదా వేశారు. పెంచిన ప్రతిసారీ ఎందుకో జనానికి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ చెప్పుకోవడమే నేను కోరేది.

అందుకు పెద్ద విప్లవం అక్కర్లేదు. ధరలో పన్ను ఎంతో ప్రతి బిల్లు మీదా పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఏ ఆదాయ వర్గం తన రాబడిలో ఎంత శాతం, ఏ రూపంలో కడుతోందో ఏటా బడ్జెట్ ప్రసంగంతో పాటే చట్టసభ ముందుకు రావాలి. పెద్ద కంపెనీలకిచ్చే మినహాయింపుల విలువ కూడా అదే పట్టికలో ఉండాలి. బ్రిటన్ జాతీయ గణాంక కార్యాలయం కుటుంబాలను ఆదాయం ప్రకారం ఐదు భాగాలు చేసి, ఒక్కో భాగం మీద పన్నుల భారాన్ని ఏళ్ల తరబడి ప్రచురిస్తోంది. అట్టడుగు భాగంలోని కుటుంబాలు తమ ఆదాయంలో పరోక్ష పన్నులకు పెడుతున్న వాటా, అన్నిటికన్నా పైనున్నవాళ్ల వాటా కన్నా ఎక్కువని ఆ అంకెలు పదేపదే చెబుతున్నాయి. ఇలాంటి పట్టిక చేతిలో ఉన్న ప్రతిపక్ష సభ్యుడు ‘గుప్పెడు మంది మోస్తున్న దేశం’ అన్న మాటను సభలో లేచి నిలబడి ఖండించగలడు.