సవరణ: 2022లో నిషేధం పడింది రష్యా చమురుపై, గ్యాస్‌పై కాదు

“2022లో ఐరోపా సమాఖ్య రష్యా గ్యాస్‌ను నిషేధించింది” అని గత పోస్టులో ఉన్న వాక్యాన్ని సవరిస్తున్నాను. ఆ డిసెంబరు 5న నిషేధం అమల్లోకి వచ్చింది సముద్రమార్గంలో వచ్చే ముడిచమురుపై. గ్యాస్ జోలికి పోలేదు, పోగలిగే స్థితిలోనూ లేరు: 2021లో సమాఖ్య దిగుమతి చేసుకున్న గ్యాస్‌లో 40 శాతానికి పైగా రష్యాదే.

గ్యాస్ సరఫరా తగ్గించింది రష్యా ప్రభుత్వ గ్యాస్ కంపెనీ గాజ్‌ప్రోమ్. రష్యా నుంచి జర్మనీకి వచ్చే నార్డ్ స్ట్రీమ్-1 పైపులైన్‌లో సరఫరాను జూన్‌లో సామర్థ్యంలో 40 శాతానికి, జులైలో 20 శాతానికి కుదించి, ఆగస్టు చివర్లో పూర్తిగా ఆపేసింది. సాకుగా చూపిన టర్బైన్ (పైపులైన్‌లోకి గ్యాస్‌ను నెట్టే యంత్ర భాగం) కెనడాలో మరమ్మతు ముగించుకుని జర్మనీలోని ముల్‌హైమ్‌లో సిద్ధంగానే ఉంది. ఆగస్టు 3న అప్పటి జర్మనీ ఛాన్సలర్ షోల్జ్ దాని పక్కనే నిలబడి ఆ మాట చెప్పారు. అయినా గాజ్‌ప్రోమ్ దాన్ని తీసుకెళ్లలేదు. గ్యాస్ ఆపింది ఎవరన్నది తారుమారైతే ఆ చలికాలపు బిల్లులకు బాధ్యులెవరన్నదీ తారుమారవుతుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

రష్యా ద్రవీకృత గ్యాస్ ఓడలు మాత్రం ఆ తర్వాత కూడా ఐరోపా రేవులకు వస్తూ వచ్చాయి.