సైటు ఏటా మారుతుంది, సాయం మాత్రం ఒక్కసారే

ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు బడి పిల్లలకు ఏటా కిట్ ఇస్తారు. బ్యాగు, బూట్లు, బెల్టు, యూనిఫాం, నోటు పుస్తకాలు. కాలు పెరుగుతుంది కాబట్టి బూట్లు ఏటా కొత్తవి కావాలని ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. చదువుకునే వయసులో సైటు కూడా అంతే. ఎనిమిదిలో మైనస్ ఒకటి ఉన్న అమ్మాయికి పది పూర్తయ్యేసరికి మైనస్ రెండు దాటొచ్చు. కానీ ప్రభుత్వాలు, ఏ పార్టీవైనా సరే, కళ్లజోడును ఒకసారి పంచి ఫొటో దిగే వస్తువుగానే చూస్తున్నాయి.

పథకాలు లేవని కాదు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు అనే ఉచిత కంటి పరీక్షల పథకం మొదలైంది, 2023 జనవరిలో ఖమ్మంలో రెండో విడత. కోటిన్నర మందికి పైగా కళ్లు చూపించుకున్నారు. చిన్న పని కాదది. అయితే ఆ శిబిరాల తీరు పెద్దవాళ్లకు సరిపోయినంతగా విద్యార్థులకు సరిపోదు. నలభై దాటాక వచ్చే చత్వారానికి రెడీమేడ్ అద్దాలు చాలు. కొన్ని పవర్లలో డబ్బాల నిండా తెచ్చిపెట్టుకుని, అక్షరాలు చదివించి, చేతిలో పెట్టి పంపొచ్చు. విద్యార్థికి కావాల్సింది దూరపు చూపు. కుడి కంటికి ఒక నంబరు, ఎడమ కంటికి ఇంకొకటి, సిలిండర్ పవర్ (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేనప్పుడు ఇచ్చేది) ఉంటే అది ఏ కోణంలో ఉందో కూడా చూసి లెన్స్ తయారు చేయాలి. అందుకే శిబిరంలో తాతయ్యకు అద్దాలు అక్కడికక్కడే దొరికాయి, దూరపు చూపు అద్దాల కోసం మాత్రం ఎదురుచూడాల్సి వచ్చింది.

ఆంధ్రప్రదేశ్ ఈ విషయంలో మొదటి అడుగు సరిగ్గానే వేసింది. 2019 అక్టోబరు 10న అనంతపురంలో అదే పేరుతో మొదలైన పథకం బడి పిల్లలతోనే ఆరంభమైంది, దాదాపు 70 లక్షల మందికి పరీక్షలని లక్ష్యం పెట్టుకున్నారు. మొదట బడిలోనే ప్రాథమిక పరీక్ష, అనుమానం ఉన్నవాళ్లకు తర్వాత నిపుణులతో రెండో పరీక్ష. పద్ధతి బాగుంది. కానీ అప్పుడు ఎనిమిదో తరగతిలో అద్దాలు అందుకున్నవాళ్లు ఇప్పుడు డిగ్రీ, బీటెక్ వయసుకు వచ్చారు. ఆ అద్దాలతో ఇవాళ బోర్డు కనిపించదు.

కేంద్రం వైపు చూస్తే, అంధత్వ నివారణ కార్యక్రమం 1976 నుంచీ ఉంది. దాని కింద బడి పిల్లలకు ఉచిత కళ్లజోళ్లకు జతకు 350 రూపాయలు ఇస్తారు. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు సర్కారు, ఎయిడెడ్ బడులకు వెళ్లి 18 ఏళ్లలోపు వారిని పరీక్షిస్తాయి. కాగితం మీద ఇంటర్ దాకా రక్షణ ఉన్నట్టే. మరి ఊళ్లో పొలం తాకట్టు పెట్టి ప్రైవేటు జూనియర్ కాలేజీ హాస్టల్లో చేర్పించిన పిల్లవాడి సంగతి? వాడు ఆ లెక్కలోనే లేడు. దగ్గరగా చూసే పని పెరిగి, ఎండలో, ఆరుబయట గడిపే సమయం తగ్గితే పిల్లల్లో హ్రస్వదృష్టి, అంటే దూరంగా ఉన్నవి మసకగా కనిపించే మైనస్ సైటు, పెరుగుతుందన్నది వైద్యులు చెప్పే మాటే. పొద్దున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే ఆ హాస్టల్ జీవితంలో జరిగేది సరిగ్గా అదే. డిగ్రీకి వచ్చాక ఫీజు రీయింబర్స్‌మెంట్ కాలేజీ ఫీజు కడుతుంది, ఆరోగ్యశ్రీ ఆపరేషన్ చేయిస్తుంది. రెండింటి మధ్యా కళ్లజోడు ఎవరికీ పట్టదు.

కాలేజీలు తెరిచే రోజుల్లో ఏదైనా ఆప్టికల్స్ షాపులో కాసేపు నిలబడితే ఖర్చు ఎలా పెరుగుతుందో తెలుస్తుంది. బోర్డు మీద ‘ఐ టెస్ట్ ఫ్రీ’. టెస్ట్ అయ్యాక తండ్రి చవకైన ఫ్రేమే తీస్తాడు. అప్పుడొస్తుంది అసలు మాట: “పాప ఫోన్ చూస్తుంది కదండీ, నీలి కాంతిని ఆపే బ్లూ కట్ లెన్సు వేయించండి, కళ్లకు మంచిది.” అమ్మాయి కళ్ల గురించి బేరమాడటానికి ఏ తండ్రికి మనసొప్పుతుంది? వెయ్యి లోపు అయ్యే పని రెండు వేలు దాటుతుంది. నిజానికి బ్లూ కట్ లెన్సులపై జరిగిన 17 ట్రయల్స్‌ను 2023లో వైద్య అధ్యయనాలను క్రోడీకరించే కోక్రేన్ సంస్థ సమీక్షించింది. స్క్రీన్ చూడటం వల్ల వచ్చే కళ్ల అలసటను ఇవి మామూలు లెన్సుల కంటే తగ్గిస్తాయనడానికి, కనీసం తక్కువ కాలంలో, ఆధారం కనిపించలేదు. పవర్ సరిగ్గా ఉండటం ముఖ్యం, మిగతాది మన ఇష్టం. 2025 సెప్టెంబరు 22 నుంచి కళ్లజోళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను కాకుండా వెయ్యి రూపాయల జోడు మీద మిగిలేది 70 రూపాయలు. మంచిదే, కానీ దాన్ని సాయం అనలేం.

ఉచితంగా ఇచ్చినా పెట్టుకోరు కదా అనే వాదన ఒకటుంది. అందులో కొంత నిజముంది. చైనాలోని గాన్సు, షాన్షీ గ్రామీణ బడుల్లో జరిగిన అధ్యయనం 2014లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చింది. ఉచితంగా అద్దాలిచ్చిన పిల్లల లెక్కల మార్కులు పెరిగాయి. కానీ ఏడాది చివర చెప్పకుండా వెళ్లి చూస్తే పెట్టుకుని కనిపించింది సుమారు 41 శాతమే. మన దగ్గర కారణం ఊహించడం కష్టమేం కాదు. క్లాసులో ‘సోడాబుడ్డి’ అని పిలిపించుకోవడం పదిహేనేళ్ల పిల్లకు చిన్న కష్టం కాదు, ఇంట్లో అమ్మమ్మ ‘రేపు సంబంధాలు ఎలా వస్తాయే’ అంటుంటే ఇక చెప్పేదేముంది. టెండర్‌లో వచ్చిన ఒకే రకం ఫ్రేమును అందరి ముఖానా పెడితే అది బ్యాగులోనే ఉంటుంది.

కాబట్టి జోడు కాదు, వోచర్ ఇవ్వాలి. ఇంగ్లండ్‌లో 16 ఏళ్లలోపు పిల్లలకు, 18 ఏళ్ల దాకా ఫుల్‌టైమ్ చదువులో ఉన్నవారికి కంటి పరీక్ష ఉచితం, కళ్లజోడుకు ఎన్‌హెచ్ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) వోచర్ ఉంటుంది. దాన్ని షాపులో ఇచ్చి నచ్చిన ఫ్రేమ్ తీసుకోవచ్చు, ఎక్కువైతే ఆ తేడా మనం కట్టుకోవాలి. ఇక్కడ దొంగ బిల్లులు పుడతాయని అధికారులు అంటారు, పుడతాయి కూడా. అందుకే పవర్ చీటీ కళ్లు పరీక్షించే ప్రభుత్వ ఆప్తాల్మిక్ ఆఫీసర్ రాయాలి, డబ్బు షాపుకి వెళ్లాలి. కాలేజీ విద్యార్థుల కోసం కొత్తగా సర్వే అక్కర్లేదు. ఎవరి కుటుంబ ఆదాయం ఎంత, ఎక్కడ చదువుతున్నారు అన్నవి ఫీజు రీయింబర్స్‌మెంట్ దరఖాస్తుల్లోనే ఉన్నాయి. బడి పిల్లలకైతే బూట్ల సైజు రాసుకునే రోజే కళ్లూ చూడొచ్చు.

అదంతా జరిగేలోపు, పరీక్ష షాపులో కాకుండా ఆస్పత్రిలో చేయించుకోవడం మేలు. హైదరాబాద్‌లో సరోజినీ దేవి, విశాఖలో ప్రాంతీయ కంటి ఆస్పత్రి, జిల్లా ఆస్పత్రులు ఉన్నాయి. పల్లెల్లో చాలాచోట్ల ఎల్వీ ప్రసాద్ సంస్థ విజన్ సెంటర్లున్నాయి. సర్కారు బడి పిల్లలైతే ఆరోగ్య బృందం ఎప్పుడొస్తుందో హెడ్మాస్టర్‌ని అడగండి. పవర్ రాసిన చీటీ కచ్చితంగా తీసుకోండి, అది చేతిలో ఉంటే నాలుగు షాపుల్లో ధర అడగొచ్చు.